కొమ్ములకు రంగు, మూతికి చిక్కం

ఎమ్మిగనూరు జాతరలో ఎద్దును కొనే రైతును ఎప్పుడైనా దగ్గర నిలబడి చూశారా? ముందు దూరం నుంచే నడక చూస్తాడు. సుళ్లు చూస్తాడు. గిట్ట ఎత్తి చూస్తాడు. ఆఖర్న రెండు దవడలూ పట్టి నోరు తెరిచి పళ్లు లెక్కపెడతాడు. నాలుగు పళ్లదా, ఆరు పళ్లదా, కడపళ్లు కూడా వచ్చేశాయా అన్నది తేలాకే తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం మొదలుపెడతాడు.

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొనేవాడు అంతకు రెండాకులు ఎక్కువే చదివాడు. కుప్ప మీద మెరిసే దూదిని చూసి ఒక నవ్వు నవ్వి, మోచేతి దాకా చెయ్యి దించి అడుగున ఉన్నది లాగుతాడు. రెండు బొటనవేళ్ల మధ్య సాగదీసి పింజ పొడవు చెబుతాడు. గింజ కొరికి తేమ చెబుతాడు. ఇక ఎమ్మిగనూరు నేతగాడికి ఒక పోగు ఇవ్వండి, వేలి మీద నలిపి కౌంటు చెప్పేస్తాడు.

ఇంత గట్టి మనుషులు కంప్యూటర్ అంగడి గడప తొక్కగానే అడిగే మాట ఒక్కటే.

"ఐ సెవెనేనా అప్పా?"

"ఐ సెవెనే అన్నా."

"అయితే కట్టియ్."

మా బావ ముప్పై ఏళ్లుగా పత్తి యాపారంలో ఉన్నాడు. తేమ ఒక్క శాతం ఎక్కువుంటే రైతును అరగంట నిలబెట్టి కడిగేసే మనిషి. ఆయన పోయినేడు పన్నెండు వేలు పోసి ఒక డబ్బా తెచ్చాడు. ముందు వైపు అద్దం, లోపల మూడు ఫ్యాన్లు, మూడింటికీ ఎరుపూ పచ్చా నీలం లైట్లు. వినాయక చవితి పందిరిలో పెట్టినా నప్పుతుంది. దాన్ని "గేమింగ్ సిస్టం" అంటారట. బావ దాంట్లో ఆడే ఆట ట్యాలీ. రాత్రి పూట యూట్యూబులో పాత నాటకాలు.

"ఐ సెవెన్‌రా ఇది," అన్నాడు, మీసం మీద చెయ్యి వేసి.

ఐ7 అన్నది ఇంటిపేరు మాత్రమే. ఇంటిపేరు విని వయసు చెప్పగలమా? పక్కనే గీత పెట్టి వేసే అంకె ఉంటుంది చూడండి, పళ్లంటే అవే. బావ డబ్బాలో ఉన్నది ఐ7-2600. ఆ రెండు వేల ఆరు వందల్లో మొదటి 2 అంటే రెండో తరం. అది మార్కెట్లోకి వచ్చింది 2011 జనవరిలో, ధోనీ ప్రపంచ కప్పు ఎత్తడానికి మూడు నెలల ముందు. 2022లో వచ్చిన ఐ3-12100కూ నాలుగే కోర్లు, దీనికీ నాలుగే. పక్కపక్కన కట్టి బండ లాగిస్తే ఐ3 బండను అవతలి గీత దాటించి, తిరిగొచ్చి కుడితి తాగేదాకా మన ఐ7 రొప్పుతూనే ఉంటుంది. ఈ మాట చెబితే బావ ముఖం చిట్లించాడు. "త్రీ ఏందిరా, సెవెన్ ఏందిరా! లెక్క రాదా నీకు?" అన్నాడు.

బోర్డు సంగతి ఇంకా సొగసు. హెచ్61 అన్న ఆ చిప్‌సెట్ కూడా 2011 నాటిదే. కానీ బోర్డు మాత్రం నిగనిగలాడే కొత్తది. పాత చిప్పు మీద కొత్త బోర్డులు ఇప్పటికీ తయారై వస్తూనే ఉన్నాయి మరి. కడపళ్లు అరిగిన ఎద్దుకు కొత్త మువ్వల పట్టెడ కట్టి, కొమ్ములకు రంగేసి తోలుకొచ్చారన్నమాట. ఇదంతా మూత విప్పితే కదా తెలిసేది? స్క్రూ మీద ఒక చిన్న కాగితం అంటించి ఉంటుంది: సీలు తీస్తే వారంటీ పోతుంది. ఎద్దు మూతికి చిక్కం కట్టి, చిక్కం విప్పితే బేరం లేదు అనేవాణ్ని జాతరలో తరిమి కొడతారు. ఇక్కడ వాడికే టీ తెప్పించి, ఆ సీలును పసుపుతాడులా కాపాడుకుంటున్నాం.

ఇంతా చెప్పి నేనేదో తెలివైనవాణ్ని అనుకునేరు. నా కథ కూడా వినండి.

2016లో కొన్న డబ్బా నాది. ఐ3-6100, హెచ్110 బోర్డు, 4 జీబీ ర్యాం, ఒక హార్డ్ డిస్కు. పొద్దున స్విచ్ వేసి ఉగ్గాని బజ్జీ తిని, చెయ్యి కడుక్కుని వచ్చేసరికి పాస్‌వర్డు అడిగేది. పోనీలే, మనమూ అంత చురుకైనవాళ్లం కాదు కదా అని సర్దుకున్నాను. ఇంతలో 2025 అక్టోబరు 14న విండోస్ 10కు కంపెనీ తద్దినం పెట్టేసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరానిదో ఆ పైదో ఉండాలట. నాది ఆరు పళ్లది. ఎద్దుకు ఆరు పళ్లంటే మంచి పొగరు మీదున్న వయసు. ఇక్కడ మాత్రం కటికవాడికి అప్పగించే వయసు.

మా తమ్ముడి కొడుకు బీటెక్. వాడు చెయ్యని రిపేరు లేదు, మళ్లీ చెయ్యాల్సిన అవసరం రాని రిపేరూ లేదు.

"దీనికెందుకు పెదనాయనా బెంగ? నీ బోర్డు సాకెట్ 1151. ఎనిమిదో తరం ఐ సెవెన్ కూడా 1151నే. సెకండ్స్‌లో దొరుకుతాది. ఇది తీసేసి అది పెట్టేస్తే అయిపాయె."

వినడానికి ఎంత బాగుంది! 1151 ఎంతో 1151 అంతే కదా. వాడు తెచ్చిన ఐ7-8700 నా బోర్డులో తాళంచెవిలా దిగింది. గడియ పడింది. స్విచ్ వేశాం. ఫ్యాన్ తిరిగింది. తెర మాత్రం అమావాస్య.

సంగతేమిటంటే, 2015లో ఇంటెల్ వాళ్లు ఒక 1151 చేశారు. 2017లో ఎనిమిదో తరానికి ఇంకో 1151 చేశారు. లెక్కకు రెండింటికీ కాళ్లు, అంటే పిన్నులు, పదకొండు వందల యాభై ఒకటే. లోపల ఏ కాలుకు ఏ పని అన్నది మార్చేశారు. ఆకారం మాత్రం మార్చలేదు, కాబట్టి దిగుతుంది. దిగి ఊరుకుంటుంది.

ఆ వారమే ఎమ్మిగనూరు నుంచి మా మామ వచ్చాడు. 1938లో మాచాని సోమప్ప గారు పెట్టిన నేతగాళ్ల సొసైటీ నూలు మీద ఒక తరం బతికిన కుటుంబం ఆయనది. విషయమంతా విని, తమలపాకుకు సున్నం రాస్తూ అడిగాడు.

"అంటే అల్లుడా, పన్నెలు రెండు. రెండింటికీ నంబరు ఒకటే. దాని నూలు దీంట్లో పట్టదు. అంతేనా?"

"అంతే మామా."

"మరి నంబరెందుకు వేసినట్టు?"

ఈ ప్రశ్నకు కాలిఫోర్నియాలో జవాబు చెప్పేవాడు ఎవడైనా ఉంటే ఎమ్మిగనూరు బస్సెక్కి రావచ్చు. సన్న పన్నెలో లావు నూలు ఎక్కిస్తే పోగులు తెగుతాయని గుంట మగ్గంలో కాళ్లు పెట్టిన పిల్లాడికి కూడా తెలుసు. అందుకే నేతలో నంబరు అబద్ధం చెప్పదు, చెబితే మర్నాటికి కూలి పోతుంది. ప్రపంచానికే లెక్కలు చేసే యంత్రం చేసినవాళ్లకు మాత్రం తమ నంబరుకు తాము జవాబు చెప్పుకునే బాధ లేదు. 2020లో 1200 అన్నారు. 2021లో 1700 అన్నారు. 2024లో 1851 అన్నారు. అంకె మారిన ప్రతిసారీ బోర్డు పారేయాలి. మారకపోయినా పారేయాలని 2017లో నిరూపించారు. 2016లో మొదలైన ఏఎండీ వారి ఏఎం4 సాకెట్ మీద పాపం చాలా తరాలు కాపురం చేశాయి. అక్కడా ఒక తిరకాసు ఉంది. పాత బోర్డుకు కొత్త ప్రాసెసర్ ఫలానా అని తెలియాలంటే బయోస్ అప్‌డేట్ చెయ్యాలి. అది చెయ్యాలంటే, చాలా బోర్డుల్లో ముందు పాత ప్రాసెసర్‌తో మిషను నడవాలి. మీరు పాతది అమ్మేసి ఆ డబ్బుతో కొత్తది కొన్నారా, తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు లాగినట్టే.

తెర వెలగలేదని మావాడు అంగడికి ఫోన్ చేశాడు. అవతలి నిపుణుడు డబ్బా ముఖం చూడకుండానే నాడి పట్టేశాడు. "ఎస్‌ఎంపీఎస్ చాలడం లేదన్నా. పెద్దది వెయ్యాల."

పక్కకు తిప్పి చూస్తే, డబ్బాకు కరెంటు పంచే నా ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లు అని బొటనవేలంత అక్షరాల్లో ఉంది. కింద చీమతలకాయంత అక్షరాల్లో ఇంకో పట్టిక ఉంది. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ దాదాపు అన్నమంతా తినేది 12 వోల్టుల తీగ మీదే. ఆ తీగ ఎదురుగా రాసి ఉన్నది 14 ఆంపియర్లు. పన్నెండును పద్నాలుగుతో గుణించండి. 168 వాట్లు. మిగతా దానిలో కొంత చిల్లర తీగల వాటా, కొంత అచ్చంగా అట్టపెట్టె వాటా. మావాడు ఈ కాసిన్ని వాట్ల నీటిలోనే గ్రాఫిక్స్ కార్డు అనే ఏనుగుకు కూడా స్నానం చేయిద్దామన్నాడు. ఆ కార్డుకు తగిలించే ఎనిమిది పిన్నుల తీగ ఒక్కటే 150 వాట్లు లాగడానికి పుట్టింది. సామాను చేతిలోకి తీసుకుంటే తెలిసిపోతుంది, మంచి ఎస్‌ఎంపీఎస్ సాధారణంగా బరువుగా ఉంటుంది. నాది ఎత్తితే గాలిపటం. తూకం వెయ్యకుండా గింజ కొనని ఊరు మనది! క్యాబినెట్‌తో ఎస్‌ఎంపీఎస్ ఫ్రీ అంటే మాత్రం కళ్లకద్దుకుంటాం.

ఇంకో ముచ్చట. మన దగ్గర డబ్బా మొత్తాన్నీ సీపీయూ అంటారు. "సీపీయూ మార్చాల" అని మనం అంటే, అంగడివాడికి ప్రాసెసర్ అని వినబడుతుందో, మొత్తం డబ్బా అని వినబడుతుందో అది ఆ రోజు బోణీ ఎట్లా జరిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

సరే, ఐ7 వెనక్కి పోయింది, అయిదు వందలు కోత పడింది. బోర్డే మార్చేద్దామన్నాడు మావాడు. కౌపీనాన్ని ఎలుక కొరికిందని పిల్లిని, పిల్లికి పాలు కావాలని ఆవును తెచ్చుకున్న సన్యాసి కథ ఉంది కదా, ఇక్కడి నుంచి అదే. బోర్డు మారిస్తే 1700 సాకెట్‌ది తేవాలి. దానికి పన్నెండో తరం ప్రాసెసర్ తేవాలి. హెచ్610 బోర్డు అడిగితే, "డీడీఆర్4దా, డీడీఆర్5దా?" అన్నారు. పేరు అదే, పెట్టె అదే, ర్యాం పట్టే గాడి మాత్రం వేరు. రెండు రకాల ర్యాంకూ 288 కాళ్లే. మధ్యలో ఉండే గంటు మాత్రం ఒక చోట ఉండదు. కంపెనీవాళ్లకు ఇక్కడైనా దయ కలిగింది, ఒకదాంట్లోది ఇంకోదాంట్లో దిగదు. దయను లెక్కచెయ్యని కుర్రాడు అంగళ్లలో ఒకడు ఎప్పుడూ ఉంటాడు. దిగకపోతే ఇంకాస్త గట్టిగా నొక్కుతాడు.

ఇక ర్యాం ధర అడిగాక నాకు మాట పడిపోయింది. కృత్రిమ మేధ సర్వర్లు మెమరీ చిప్పులన్నీ మింగేస్తున్నాయట. 2025 డిసెంబరులో అమెరికాలోని మైక్రాన్ కంపెనీ క్రూషియల్ పేరుతో ఇళ్లకు ర్యాం అమ్మే వ్యాపారాన్నే మూసేస్తున్నానని ప్రకటించింది. ఎక్కడో ఎవరో నిర్ణయిస్తే ఇక్కడ ధర మారడం ఆదోనికి కొత్తేమీ కాదు, పత్తి రైతును అడిగితే చెబుతాడు. అయితే పత్తి విషయంలో అది ఎప్పుడూ పడిపోతుంది, ర్యాం విషయంలో ఎగబాకింది. మనం అమ్మేవాళ్లమైతే కిందికి, కొనేవాళ్లమైతే పైకి. ఈ తక్కెడ ఒక్కటే ఎప్పుడూ చెడిపోదు.

చివరికి జరిగిన పని చెబితే మీరు నవ్వుతారు. హార్డ్ డిస్కు తీసి దాని చోట రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టాం. ఖాళీగా ఉన్న రెండో గాడిలో ఇంకో 4 జీబీ డీడీఆర్4 పాతది దొరికితే వేశాం. ఇప్పుడు ఉగ్గాని ప్లేటు చేతికి అందే లోపలే పాస్‌వర్డు అడుగుతోంది. అంగడిలో ఎవరూ నాకు ఈ మాట చెప్పలేదు. చెప్పరు కూడా. "ఏం పని చేస్తావన్నా దీంతో?" అని అడిగితే బేరం అక్కడికే ఆగిపోతుంది కదా. పైగా ఎస్‌ఎస్‌డీకి స్టిక్కరు లేదు, లైటు లేదు. మూత వేశాక బయటికి కనబడదు. చుట్టాలు వస్తే ఏం చూపించాలి?

ఇంకొక్కటి మిగిలింది, ఫ్యాన్ రొద. మా ఇల్లు జిన్నింగు మిల్లు వెనక సందులో. గాలిలో దూది మాకు మామూలే, అన్నంలో పడితే తీసి తింటాం. ఆదివారం బావ కూడా ఉన్నప్పుడు మూత విప్పి ప్రాసెసర్ మీది ఫ్యాన్ తీశాను. దాని కింద అల్యూమినియం రెక్కల మధ్య ఏళ్ల తరబడి పేరుకున్న దూది, చిన్న సైజు పరుపు. గాలి ఆడే సందు లేదు. వేడి నూరు డిగ్రీల దాకా పోతే ప్రాసెసర్ తనంతట తానే నెమ్మదిస్తుంది, లేకపోతే కాలిపోతుంది. ఇన్నాళ్లూ అది పాతబడి మందగించిందని నేను కొత్త ప్రాసెసర్ల వెంట తిరిగితే, అది దుప్పటి కప్పుకుని కర్నూలు ఎండలో పరుగెత్తుతోంది పాపం.

ఆ దూది ఉండను పారేయబోతుంటే బావ చెయ్యి పట్టుకుని ఆపాడు. వెలుతురుకు తిప్పాడు. రెండు బొటనవేళ్ల మధ్య సాగదీశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"పింజ పొట్టి," అన్నాడు. "తేమ అస్సలు లేదు, పత్తి కొనే సీసీఐ వాళ్లు కూడా వంక పెట్టలేరు. అడుగుది మూడు నాలుగేండ్ల కిందటి సరుకు, నల్లబారింది చూడు. నడిమిది వానకు తడిసిన ఏటిది. పైది మాత్రం ఈ సీజన్‌ది."

ఉండను జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని, మూత విప్పిన డబ్బాలోకి తొంగి చూశాడు.

"ఏం వేసినార్రా దీంట్లో? ఐ సెవెనేనా?"