అర్థాల పోటీలో గెలిచిన క్రియ

ఆంగ్లంలో అత్యధిక అర్థాలున్న మాట ‘సెట్’ అని ఒక తరం, కాదు ‘రన్’ అని తరువాతి తరం క్విజ్ పుస్తకాలు చూసి వల్లించడమూ, క్రియగా ఆ ‘రన్’ ఒక్కదానికే 645 అర్థాలున్నాయి కనుక అంతటి సంపన్నమైన భాష లోకంలో మరొకటి లేదని తీర్మానించడమూ విద్యావంతుల్లో ఒక ముచ్చటగా స్థిరపడింది. అర్థాలను ఇలా లెక్కపెట్టేవారు వాటిని ఎవరు, ఎక్కడ గీత గీసి విడదీశారో మాత్రం అడగరు.

ఈ పోటీకి రంగస్థలం ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు. 1989లో 20 సంపుటాలుగా వెలువడిన రెండో కూర్పులో ‘సెట్’ క్రియకు సుమారు 430 అర్థాలు, వాటి వివరణకు 60,000 మాటలు పట్టాయి. ఆ తరువాత చేపట్టిన సమగ్ర సంస్కరణ ‘ఎం’ అక్షరంతో మొదలైంది కనుక 2000లో ‘మేక్’ కిరీటం అందుకుంది, పని ‘పి’ దాకా సాగాక 2007లో ‘పుట్’ దాన్ని లాగేసుకుంది, ‘ఆర్’ వంతు వచ్చాక 2011లో ‘రన్’ ఎగరేసుకుపోయింది. అప్పటికి ‘సెట్’ సంస్కరణ జరగనే లేదు. అంటే జనం మాట్లాడే తీరు మారి కాదు, సంపాదకులు అక్షరమాలలో ముందుకు నడిచి ఛాంపియన్లను మార్చారన్నమాట.

అర్థాన్ని విడదీయడమెలాగో ఒక్క ఉదాహరణలో చూడవచ్చు. నది పారినా ‘రన్’ అంటారు, కుళాయి తెరిచి ఉన్నా ‘రన్’ అంటారు, జలుబు చేసి ముక్కు కారినా ‘రన్’ అంటారు. ద్రవం కదులుతోంది కనుక మూడూ ఒకటేనని ఒక నిఘంటుకారుడు అనవచ్చు. నదిలో కదిలేది కర్త తానే, కుళాయి, ముక్కు మాత్రం ఉన్నచోటే ఉండి లోపలిదాన్ని వదులుతున్నాయి కనుక రెండని మరొకరు వాదించవచ్చు. ముక్కు రోగలక్షణం కనుక మూడని ఇంకొకరు పట్టుబట్టవచ్చు. ముగ్గురిలో ఎవరిదీ తప్పు కాదు, ఆంగ్లానికి ఒరిగిందీ ఏమీ లేదు. ఇక కదలని రోడ్డు ఊరి నుంచి ఊరికి ‘రన్’ కావడం, నాటకం నెలల తరబడి ‘రన్’ కావడం, అమెరికాలో అభ్యర్థి ఎన్నికల్లో ‘రన్’ చేస్తుంటే బ్రిటన్‌లో అదే అభ్యర్థి ‘స్టాండ్’ కావడం, అంటే ఒకరు పరుగెత్తుతుంటే మరొకరు నిలబడే ఉండడం, అసలైన వినోదం.

పైగా ఈ నిఘంటువు చారిత్రకమైనది, అనగా ఒకసారి చేర్చిన అర్థం వాడుకలో లేకపోయినా దాన్ని తొలగించదు. చనిపోయినవారి పేర్లు కొట్టేయని ఓటర్ల జాబితాను చూపి ఊరి జనాభా గొప్ప చెప్పుకోవడం ఎలాంటిదో, 645ను చూపి మురిసిపోవడం అలాంటిది. ‘రన్’ క్రియ మీద దాదాపు తొమ్మిది నెలలు శ్రమించిన ఆ నిఘంటువు సంపాదకుడు పీటర్ గిల్లివర్‌కు నమస్కరించవలసిందే, ఎందుకంటే ఆ పనిలో విలువైనది ఏ వాడుక ఏ శతాబ్దంలో పుట్టిందో సాక్ష్యంతో చూపిన చరిత్ర. చివర తేలిన అంకె కాదు.

ఇదే పద్ధతిలో తెలుగు ‘కొట్టు’ను చీల్చడానికి కూర్చుంటే తలుపు, ఈత, సున్నం, కొబ్బరికాయ, బోరు, వాసన అంటూ చిట్టా పెరుగుతూనే పోతుంది, ఆ అంకె పట్టుకొని మనవాళ్లు సభలు పెట్టే రోజున, డబ్బా కొట్టుకోవడం అందులో ఎన్నో అర్థమో కూడా నిఘంటుకారుడే తేల్చాలి.