ఆగితే ఆగనివ్వండి

మీ పాత కారు సిగ్నల్ దగ్గర వణికి వణికి ఆఫ్ అయిపోతోందా? దాన్ని పొద్దున్నే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లకండి. సాయంత్రం ఆరున్నరకు ఏసీ వేసుకుని హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ దగ్గర బయల్దేరి, ఐకియా మీదుగా బయోడైవర్సిటీ జంక్షన్ వైపు నడపండి. ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగనివ్వండి. ఈ మాటంటే మా ఆఫీసులో ఒక్కరూ ఒప్పుకోలేదు. ట్రాఫిక్‌లో ఆగే బండిని కావాలని ట్రాఫిక్‌లోకి తోలడమేమిటని అడిగారు. ఏడు నెలలు అలాంటి బండితో పడ్డాక నేను మాత్రం దీన్నే నమ్ముతున్నాను.

సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో ప్రారంభించిన నాటికి చుట్టూ రాళ్లగుట్టలే. ఆ తర్వాత మైండ్‌స్పేస్ అండర్‌పాస్ వచ్చింది, 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చింది, 2023 జనవరి 1న కొత్తగూడ ఫ్లైఓవర్ తెరిచారు. అయినా సాయంత్రమైతే కారు కదిలేది కాసేపు, నిలబడేది గంటసేపు. ఇక్కడ ఐడిలింగే ఇంజిన్‌కు అసలు ఉద్యోగం. ఐడిలింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది. పక్కనున్న సన్నటి దారిలోంచి వచ్చే కొద్దిపాటి గాలితోనే ఇంజిన్ నిమిషానికి ఏడెనిమిది వందల చుట్లు తిరుగుతూ ఏసీ కంప్రెసర్ని, ఆల్టర్నేటర్ని మోయాలి. ఒక ప్లగ్గు కాస్త నీరసించినా, ఆ గాలిదారిలో కార్బన్ పేరుకున్నా అక్కడే బయటపడుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎనభైలో పోతున్నప్పుడు అదే లోపం వేగంలో కలిసిపోతుంది. ఖాళీ రోడ్డు మీద టెస్ట్ డ్రైవ్ చేసి "బాగానే ఉంది కదా" అన్నవాళ్లు అబద్ధం చెప్పడం లేదు, అక్కడ నిజంగానే బాగుంటుంది.

నాది 2005 నాటి నాలుగు సిలిండర్ల పెట్రోలు బండి. పదిహేనేళ్లకు రిజిస్ట్రేషన్ ఒకసారి రెన్యువల్ చేయించాను, ఐదేళ్లకు మళ్లీ చేయించాను. ఆగిపోవడం మొదలయ్యాక ముగ్గురు మెకానిక్‌ల దగ్గరికి వెళ్లాను, ముగ్గురి దగ్గరికీ శనివారం పొద్దునే. చల్లటి ఇంజిన్, ఏసీ ఆపి ఉంది, బండి బుద్ధిగా నడిచింది. పాపం, వాళ్లు మాత్రం ఏం చేస్తారు? ఒకాయన ప్లగ్గులు, వైర్లు మార్చాడు. ఇంకొకాయన ఫ్యూయల్ పంపు మార్చాడు. మూడో ఆయన, "సార్, జర రేస్ పెంచిస్త, ఇగ బంద్ పడది," అన్నాడు. నిజంగానే పదిరోజులు ఆగలేదు.

రేస్, అంటే ఐడిలింగ్ వేగం, మాత్రం పెంచనివ్వకండి. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా తడిగుడ్డ వేసి కూర్చోవడం లాంటిదది. కార్బొరేటర్ బండికి ఐడిల్ స్క్రూ తిప్పడం ఒక పద్ధతే. కంప్యూటరే పెట్రోలు కొలిచి చిమ్మించే ఎంపీఎఫ్‌ఐ బండిలో థ్రాటిల్ ఎంతవరకు మూసుకోవాలో చెప్పే స్క్రూను కదిపితే, థ్రాటిల్ మూసి ఉందో తెరిచి ఉందో కంప్యూటర్‌కే అయోమయమవుతుంది. అసలు జబ్బు దాక్కుంటుంది, బండి పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఇంకో నెలకు ఆ జబ్బే రెట్టింపై తిరిగొస్తుంది.

స్కానర్ సంగతి కూడా చెప్పాలి. మనవాళ్లకు ఎర్రర్ కోడ్ అంటే అపారమైన నమ్మకం. 2010కి ముందు బండ్లలో చాలావాటికి ఆన్‌లైన్లో కొనే డాంగిల్ భాష అసలు రాదు. వచ్చినా, కోడ్ చెప్పేది కంప్యూటర్‌కు కనిపించిన లక్షణమే. పీ0171 అంటే గాలి ఎక్కువైంది, పెట్రోలు చాలడం లేదు అని మాత్రమే అర్థం. ఆక్సిజన్ సెన్సర్ పోయిందని ఎక్కడా లేదు. లాగ్‌లో ఒక వార్నింగ్ చూసి సర్వర్ మార్చేసే ఇంజినీర్ని మనం పనిలో ఉంచుకోం కదా. కారుకు మాత్రం అదే చేస్తాం. కోడ్ రాసుకోండి, చెరపకండి, స్పేర్ పార్టుల కోసం రాణిగంజ్‌కు అప్పుడే పరుగెత్తకండి.

డాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. పాటలు ఆపండి. బండి ఆగిన ప్రతిసారీ ఇంజిన్ వేడిగా ఉందా, ఏసీ ఆన్‌లో ఉందా, బ్రేకు వేసి నిలబెడుతుంటే ఆగిందా, నిలబడ్డాక ఆగిందా, వణికి ఆగిందా, స్విచ్ నొక్కినట్టు ఒక్కసారిగా ఆగిందా రాయండి. ఈ చివరి ప్రశ్న బంగారం. వేడెక్కాక ఏ వణుకూ లేకుండా టప్పున ఆగి, పావుగంట చల్లారాక మామూలుగా స్టార్ట్ అయితే క్రాంక్ సెన్సర్‌ను అనుమానించాలి. లయగా ఒకే దెబ్బ తప్పుతూ మిస్సింగ్ కొడితే ప్లగ్గు, కాయిల్, వైర్ల వైపు చూడాలి. బానెట్ కింద సన్నగా "స్స్..." వినిపిస్తే ఏదో రబ్బరు పైపు పగిలి ఉండొచ్చు. వేడి ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ కొట్టి లీకు వెతకమంటారు, ఆ పని చేయకండి, అంటుకుంటుంది. సీటు అదురుతున్నా ఇంజిన్ శబ్దం నిలకడగా ఉంటే మౌంటింగులు అరిగాయేమో చూడండి, ఇంజిన్ తప్పు కాకపోవచ్చు.

ఆగనివ్వమన్నాను గాని ఎక్కడపడితే అక్కడ కాదు. ఎడమ లేన్ వదలకండి. ఫ్లైఓవర్, అండర్‌పాస్ ఎక్కకండి, దిగకండి, పక్కకు తీసే చోటుండదు. ఇంజిన్ ఆగాక బ్రేకు ఒకటి రెండుసార్లే మెత్తగా పడుతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా బిగుస్తుంది. అందుకని ఒక్కసారే గట్టిగా నొక్కి పట్టండి. పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది, భయపడకండి. తాళంచెవి మాత్రం బయటకు లాగకండి, స్టీరింగ్ లాకైపోతుంది.

మూడు వారాలకు నా నోటుబుక్కులో పదకొండు ఆగుళ్లు చేరాయి. పదకొండూ ఇంజిన్ వేడెక్కాక, ఏసీ ఉండగా, బ్రేకు వేసి నిలబడే క్షణంలోనే. ఏసీ ఆపిన రోజున ఒక్కటీ లేదు. పన్నెండోసారి కొత్తగూడ దగ్గర పక్కకు తీసి, మళ్లీ స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి, ఐడిల్ గాలిని వదిలే వాల్వును స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టాను. ఇంజిన్ ఒక్క ఎగురు ఎగిరి నిలకడపడింది. వాల్వు కార్బన్‌తో ఇరుక్కుపోయింది. ఏసీ కంప్రెసర్ బరువు మీద పడగానే తెరుచుకోవలసింది తెరుచుకోలేక ఇంజిన్ ఊపిరాడక ఆగుతోంది. ఒక డబ్బా క్లీనర్‌తో గంటసేపటి పని. తుడిచాక రెండు రోజులు ఐడిలింగ్ ఎక్కువా తక్కువా అయింది, కంప్యూటర్ మళ్లీ కుదురుకునేదాకా అంతే. అప్పుడు కంగారుపడి ఇంకేదో విప్పకండి. ఒకసారికి ఒక్క మార్పే. ప్లగ్గులు, పంపు, వాల్వు అన్నీ ఒకే రోజు మారిస్తే దేనివల్ల బాగైందో మీకూ తెలియదు, మెకానిక్‌కూ తెలియదు.

పాత బండికి ఇంకో అనుమానం పెట్రోలు మీద. ఇప్పుడు బంకుల్లో పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది. పాత ట్యాంకులో ఏళ్లుగా అంటుకున్న మడ్డిని అది వదిలించి ఫిల్టర్‌కు తోస్తుంది. మీ ఫిల్టర్ మార్చి ఎన్నాళ్లయిందో గుర్తులేకపోతే నోటుబుక్కులో మొదటి పేజీ మీదే ఆ ప్రశ్న రాసుకోండి.

మెకానిక్ దగ్గరికి వెళ్లే రోజు బండి ఆగే వేళకే వెళ్లండి. ఇంజిన్ ఆపకుండా, ఏసీ తీసేయకుండా వాకిట్లో నిలబెట్టి, నోటుబుక్కు చేతికివ్వండి. రాత్రి ఏడున్నరకు చాలామంది షట్టర్ దించేస్తారు. "అన్నా, ఇవాళ కొంచెం ఆగు, బండి వేడిగా ఉన్నప్పుడే నువ్వు చూడాలి," అని దారిలోంచే ఫోన్ చేసి పెట్టుకోండి.