నాలుగున్నర పౌండ్లు

ఒహాయోలో స్థిరపడ్డ మా పెదనాన్నగారి అబ్బాయికి సర్వీస్ రైఫిల్ పోటీలంటే ప్రాణం. ఏఆర్-15తో 200, 300, 600 గజాల్లో కాలుస్తాడు. గురి మంచిదే. కోపమల్లా రైఫిల్‌తో వచ్చిన ట్రిగ్గర్ మీద. నొక్కితే ఇసుక నలిగినట్టు గరగరలాడుతూ కదిలేది. లాగడానికి దాదాపు ఏడు పౌండ్ల బలం కావాలి. హామర్ ఏ క్షణాన పడుతుందో వేలికి అందేది కాదు. ఊపిరి బిగబట్టి లాగుతుండగానే గురి పక్కకు జరిగిపోయేది.

మార్చుకుంటానంటే వదిన అడ్డు చెప్పలేదు. వంద డాలర్లు మాత్రం దాటకూడదంది.

దుకాణంలో రెండంచెల ట్రిగ్గర్ ఒకటి చూశాడు. మొదటి అంచెలో వదులంతా పోతుంది, వేలు ఒకచోట ఆగుతుంది. అక్కణ్ణుంచి మరి కాస్త నొక్కితే గుండు వెళుతుంది. మొత్తం నాలుగున్నర పౌండ్లు. 600 గజాలకు గురిపెట్టేవాడికి అంతకన్నా ఏం కావాలి? కానీ ధర వంద దాటింది. పక్కనే తగ్గింపు ధరలో ఇంకోటి ఉంది. డబ్బాలా ఒకే ముక్క, మూడున్నర పౌండ్లు. రెండు పిన్నులు తీసి బిగిస్తే అయిపోతుంది. ఇంకా తేలిక, ఇంకా చవక. అదే కొన్నాడు.

ఊడదీసిన పాతదాన్ని క్లబ్బులో ఇచ్చేశాడు. పిల్లలు నేర్చుకునే రైఫిల్ ఒకదానిలో ట్రిగ్గర్ అరిగిపోయి ఉంది. "ఎందుకూ పనికిరాదు, పారేసే బదులు దీనికి పెట్టుకోండి" అన్నాడు.

వేసవిలో క్యాంప్ పెరీకి వెళ్లాడు. ఈరీ సరస్సు ఒడ్డున 1907 నుంచి జాతీయ పోటీలు జరిగే చోటు అది. కాల్చే ముందు ట్రిగ్గర్ తూకం వేస్తారు. ఖాళీ రైఫిల్‌ని కాక్ చేసి, గొట్టం ఆకాశంలోకి నిలబెట్టి, నాలుగున్నర పౌండ్ల బరువును ట్రిగ్గర్‌కి తగిలించి పైకెత్తుతారు. బరువు నేల వదిలి లేచినా హామర్ పడకూడదు. సర్వీస్ రైఫిల్‌కి నియమం అది. సైనికుడి తుపాకీ బరిలో కాల్చాలంటే ట్రిగ్గర్ కూడా ఆ కోవదే కావాలి. న్యాయమైన నియమమనే నేనంటాను.

అన్నయ్య రైఫిల్ ఎత్తారు. బరువు ఇంకా నేల మీదే ఉంది. టప్పున హామర్ పడింది. మళ్లీ ఎత్తారు, మళ్లీ పడింది.

"బిగించుకునే మర ఏమైనా ఉందా?"

లేదు.

"పోనీ, పాత ట్రిగ్గర్ వేసుకుని రండి. ఇంకా టైముంది."

జవాబు చెప్పలేక పక్కకు జరిగాడు. వెనకాల వరసలో ఉన్న పదిహేనేళ్ల పిల్ల తన రైఫిల్ అందించింది. బరువు పైకి లేచింది, కదలకుండా వేలాడింది. హామర్ పడలేదు. బల్ల దగ్గరి పెద్దాయన తలూపి పంపించాడు.

ఆ పిల్ల అన్నయ్యను గుర్తుపట్టి నవ్వుతూ దగ్గరికొచ్చింది.

"థాంక్స్ సార్, ఇది మీరు క్లబ్బుకిచ్చిన ట్రిగ్గరే!"