బేస్ బావమరిది

పెళ్లాం తమ్ముణ్ణి పత్రికకెక్కించడం ఇంటికి క్షేమం కాదని తెలుసు. అయినా నా కారు డిక్కీలో స్టెప్నీ ఉండాల్సిన చోట 12 అంగుళాల ఊఫర్ పెట్టించినవాణ్ణి ఊరికే వదిలేయడానికి నేనేం ధర్మరాజును కాను.

వాడిది నాచారం. పగలు ఇండస్ట్రియల్ ఏరియాలో ఓ మందుల కంపెనీలో షిఫ్టు. మిగతా టైమంతా కొత్త మిక్స్ ఎప్పుడు పడుతుందా అని ఫోన్ పట్టుకుని కూచోవడం. ఉప్పల్ నుంచి మల్లాపూర్ దాకా ఇలాంటివాడు గల్లీకొకడు దొరుకుతాడు. సినిమా పాట విడుదలైతే వీళ్లకి లెక్కే లేదు. దాన్ని ఏ హెచ్‌ఎంటీ నగర్ కుర్రాడో ఇంట్లో కంప్యూటర్ ముందు కూచుని, ఎఫ్‌ఎల్ స్టూడియోలో ముక్కలు కోసి, కింద తీన్మార్ దరువు పరిచి, నడుమ నడుమ ఆడగొంతుతో "డీజే ఫలానా... ఫ్రమ్ నాచారం!" అని కేక పెట్టించి వదిలితే, అప్పుడు విడుదలైనట్టు. పాట హక్కులవాళ్లు యూట్యూబ్‌లోంచి తీయించేలోపే అది వాట్సాప్‌కీ, అక్కణ్ణుంచి పెన్‌డ్రైవ్‌కీ ఎక్కేయాలి.

"అసలు మాల్ ఆన్‌లైన్ల దొరకది బావా. ఇచ్చేటోడు తెల్వాలె" అంటాడు, గొంతు తగ్గించి. గొంతొక్కటే తగ్గిస్తాడు.

వాడు వినే పద్ధతి చూసి తీరాలి. పాట మొదట్నుంచి వినడు. బేస్ పడే చోటికి ఎగిరి దూకుతాడు. కళ్లు మూసుకుంటాడు. అరచెయ్యి బాక్సు మీద బోర్లా ఆనిస్తాడు. ఆ తర్వాత స్టీలు గ్లాసు నిండా నీళ్లు పోసి బాక్సు మీద పెడతాడు. నీళ్లు వణికితే పర్వాలేదు, తొణికితే బాగుంది, ఒలికితే హిట్టు. ఒలకలేదా, "కిక్ పొడిగుంది. బేస్ కూసోలే. పోయినేడు బోనాల మిక్స్‌కే పేరు మార్చిండు" అని తీర్పు చెప్పి డిలీట్ కొడతాడు. పాతదాన్ని కొత్తదని అంటగట్టినవాడు వాడి దృష్టిలో పాలల్లో నీళ్లు కలిపేవాడికన్నా నీచుడు.

పాపం మా అత్తగారు. 40 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు దాదాపు 8.5 మీటర్లు. సన్నటి శబ్దాల్ని ఇంటిగోడ చాలావరకు ఆపుతుంది గానీ దీన్నేం ఆపగలదు? ముందుగదిలో కొడుక్కి పాట వినిపిస్తుంటే, వంటింట్లో ఆవిడకి దుబ్బు దుబ్బుమన్న చప్పుడూ, అలమరలో పళ్లేల మోతా మాత్రమే అందుతాయి. ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో ఆవిడ ఒక్క పాటకి మాటలు విన్న పాపాన పోలేదు.

భూకంపాలు కొలిచే ఎన్‌జీఆర్‌ఐ ఉప్పల్ రోడ్డు మీదే ఉంది. గణేశ్ నిమజ్జనం మర్నాడు వాడు ఫోన్ చేశాడు: "నిన్న మన డీజే బాక్సుల డీసీఎం బండి పోయింది గద, ఆల్ల మిషన్ల పడ్డదా లేదా జర కనుక్కో బావా."

చట్టం సంగతి ఎత్తితే వాడే మనకి పాఠం చెబుతాడు. 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. పది దాటితే మైకు బంద్. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు వద్దన్నప్పుడు నేను సంతోషం దాచుకోలేకపోయాను. "అది సిటీ కమిషనరేట్ది బావా, మనది రాచకొండ" అన్నాడు చల్లగా. ఇంటర్లో సివిక్స్ తప్పినవాడు!

ఈ పిచ్చి వీడొక్కడిదే కాదు. లండన్ దక్షిణాన క్రాయ్‌డన్‌లో బిగ్ ఆపిల్ అని ఓ రికార్డుల కొట్టు ఉండేదట. 2000ల మొదట్లో అక్కడ చేరిన కుర్రాళ్లు ఇంట్లో కంప్యూటర్ల మీదే బేస్ పాటలు అల్లి, ఒక్కటంటే ఒక్క ప్రతి రికార్డు కోయించుకుని, అది తమ డీజే దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకకుండా దాచుకునేవారు. డబ్‌స్టెప్ పుట్టిందలాగే. ఇంత కష్టపడి చదివి వాడికి చెబితే ఒకటే ప్రశ్న వేశాడు. "ఆల్ల దగ్గర డప్పుందా?"

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఊరేగింపు నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రి దగ్గరికి రాగానే డీసీఎం ఎక్కి, ఆపరేటర్ని పక్కకి నెట్టి సౌండ్ తగ్గించేది వాడే. దాటిన పదడుగులకి వడ్డీతో సహా పెంచేదీ వాడే. ఇక నా కారులో ఊఫర్ తీయించేయమని మా ఆవిడ పోరుతూనే ఉంది. ఘంటసాల గొంతు దాన్లో ఎంత నిండుగా పలుకుతుందో ఆవిడకి నేనింకా చెప్పలేదు.

మొన్న మాఘమాసంలో వాడి పెళ్లయింది. బరాత్‌కని ఒక కుర్రాడికి అడ్వాన్సిచ్చి, తన పేరూ పిల్ల పేరూ పలికించి ప్రత్యేకంగా మిక్స్ చేయించుకున్నాడు. ముందు డీసీఎం, వెనక కారు. నేను ముందు సీట్లో. పెళ్లికొడుకు తల బాసికంతో సహా కిటికీ బయటే ఉంది, ఆపరేటర్‌కి చేతి సైగలు చేస్తూ. పొద్దుట్నుంచీ నోరు విప్పని పెళ్లికూతురు మూడు గల్లీలు తిరిగేదాకా విని మెల్లగా అంది:

"ఇది పోయినేడు వినాయక చవితిదే గద? పేర్లు మార్చి ఇచ్చిండ్రు మీకు."

తల లోపలికొచ్చింది. "బావా, ఇన్నవా?" అన్నాడు. అంత వెలుగు తాళి కట్టేటప్పుడు కూడా వాడి మొహంలో చూడలేదు. ఉప్పల్ రింగ్‌రోడ్డు వచ్చేసరికి ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఇద్దరూ కలిసి ఆ కుర్రాణ్ణి అడ్వాన్సు వాపసు అడుగుతున్నారు.