పుట్టింటికెళ్లిన తోలుసంచీ

తోలుసంచీ కుట్టు ఊడితే కుట్టించుకోవడం ఒక పని. దాన్ని తయారుచేసిన కంపెనీకే మోసుకెళ్లి కుట్టించుకోవడం మాత్రం ఒక హోదా. ఆ హోదా గలాయన్ని పారిస్‌లో, ఫోబూర్ సెంట్ ఒనొరే వీధిలో 24వ నంబరున్న ఎర్మెస్ దుకాణంలో చూడాలి. (హెర్మెస్ అని పలికారో, మీ వంక జాలిగా చూస్తాడు.) జ్వరమొచ్చిన పసిబిడ్డను ఆస్పత్రికి తెచ్చినట్టు సంచీని రెండు చేతులా ఎత్తుకొస్తాడు. కౌంటరు మీద పడుకోబెట్టి, హ్యాండిల్ మొదట్లో వేలితో మెల్లగా నిమిరి, “ఇదిగో, ఇక్కడ” అంటాడు. అక్కడ రెండు కుట్లు తెగాయి. భూతద్దం ఇస్తే మనకూ కనిపిస్తాయి.

ఈయనకు కావలసింది కుట్టు కాదనీ, తన సంచీకి పుట్టిల్లుందని నలుగురికీ తెలియడమేననీ నా అనుమానం. సాక్ష్యం ఆ కుట్టే. 1837లో తియెరీ ఎర్మెస్ మొదలుపెట్టింది గుర్రపు సామాను దుకాణం. ఆ జీనుకుట్టే ఈనాటి సంచీలకూ దిగింది. మైనం పట్టించిన అవిసెనార దారం ఒకటే, కొసకో సూది. ఒకే బెజ్జంలోంచి రెండు సూదులూ ఎదురెదురుగా దూరతాయి. ఒకచోట దారం తెగినా పక్క కుట్టు కదలదు. పరుగెత్తే గుర్రం మీద మనిషి కింద పడకూడదని కనిపెట్టిన ఏర్పాటది. కాబట్టి కుట్టు ఇంకో ఏడాది ఆగగలదు. ఈయన ఆగలేడు. కంపెనీ తన సరుకు తప్ప ఇంకెవరిదీ ముట్టుకోదు. మరమ్మతుకు తీసుకుందంటే మీ సంచీ అసలుదేనని ఒప్పుకున్నట్టు. ఆ రసీదు కోసమే ఈ ప్రయాణం. మన అల్లుళ్లు అలిగితే అత్తవారు చెల్లించుకుంటారు. ఇక్కడ అలిగిన అల్లుడే చెల్లిస్తాడు, పైగా నెలల తరబడి ఎదురుచూస్తాడు.

వీధి చివర చెప్పులు కుట్టే అతను తోలు పాడుచేస్తే ఎలా అంటారేమో. న్యాయమే. అదే తోలు, అదే రంగు దారం అతని పెట్టెలో దొరకవు. వస్తువును పారెయ్యకుండా బాగుచేయించుకోవడం మంచి అలవాటే కదా అన్నా కాదనను. అమ్మినవాడు బాధ్యత తీసుకోవడం ఈ కాలంలో అరుదైన మర్యాద. కానీ బాగుచేయించుకునేవాడికి వస్తువు బాగైతే చాలాలి. ఈయనకు చాలదు. ఇలాంటి భక్తులే ఉన్న ఇంకో కంపెనీ, లూయీ వ్యూతాన్ సంగతే చూడండి. దాని సంచీల హ్యాండిళ్లది చాలావరకు రంగు వేయని ఆవుతోలు. ఎండా, చేతి చెమటా తగిలి ఏళ్ల మీద తేనెరంగుకు తిరుగుతుంది. అరిగిందని కొత్తది వేయిస్తే, పండుముసలికి పాలపళ్లు మొలిచినట్టు తెల్లగా వెక్కిరిస్తుంది. అప్పుడు మనవాడు మళ్లీ కౌంటరు దగ్గర: “కొత్తది వెయ్యమన్నాను గానీ, కొత్తగా ఉండమన్నానా?”

అసలు ఈ భక్తికి మూలవిరాట్టయిన నటి, గాయని జేన్ బిర్కిన్‌కే ఇంత పట్టింపు ఉండేది కాదు. 1984లో ఎర్మెస్ నుంచి ఆమె పేరుతో వచ్చిన సంచీల్లో మొట్టమొదటిది ఆమెదే. దాంట్లో పట్టినంతా కుక్కింది, పైన స్టిక్కర్లు అంటించింది, పట్టీకి గోళ్లకత్తెర వేలాడదీసింది. 2025 జులైలో పారిస్ వేలంలో ఆ సంచీ సుమారు 86 లక్షల యూరోలు పలికింది, గీతలతో, స్టిక్కర్ల మరకలతో, గోళ్లకత్తెరతో సహా. ఎవరైనా శ్రద్ధగా పాలిషు పట్టించి ఉంటే ఎంత నష్టం!

మనవాడికిది చెప్పినా తలకెక్కదు. సంచీ పుట్టింటినుంచి తిరిగొచ్చాక రసీదును లోపలి జేబులో, పైకి కాస్త కనబడేలా దోపుతాడు. సంచీకి గుడ్డ తొడుగు తొడిగి, బీరువాలో పై అరలో పెట్టి తాళం వేస్తాడు. కూరగాయలకు ఎప్పటిలాగే బట్టలకొట్టు వాళ్లిచ్చిన సంచీయే వెళుతుంది. దాని కాడ ఇప్పటికి మూడుసార్లు తెగింది. మూడుసార్లూ ఇంట్లోనే ముడేశారు.