బల్లమీది పద్యానికి టీకా తాత్పర్యము

ఆ. అమ్మ చీర గట్టి యైతినే టీచరు
బెత్తమెత్తినంత బెదరె క్లాసు
అసలు సార్లు పోయి యరుగుపై మిక్సరు
నమిలి నవ్విరంట నాల్గుదాక

అవతారిక: ఈ పద్యం ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో, పదో తరగతి కిటికీ పక్కన చివరి బల్లమీద, వృత్తలేఖిని మొనతో చెక్కి ఉంది. కర్త పేరు లేదు. చీర ప్రసక్తిని బట్టి కవయిత్రి అని ఊహ. బడి వాఙ్మయంలో కర్త పేరు తెలియకపోవడం కొత్తేమీ కాదు. రోజూ అసెంబ్లీలో చెయ్యి చాచి చెప్పే ప్రతిజ్ఞను 1962లో, విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉండగా, పైడిమర్రి వెంకట సుబ్బారావు తెలుగులోనే రాశారని తెలియకుండా ఎన్ని బ్యాచీలు టీసీలు పుచ్చుకుని వెళ్ళిపోయాయో!

సందర్భం స్వపరిపాలన దినోత్సవం. రాధాకృష్ణన్ రాష్ట్రపతి అయిన 1962 నుంచి సెప్టెంబరు 5 గురుపూజోత్సవం గనుక కొన్ని బడుల్లో ఆనాడు, కొన్నింట నెహ్రూ పుట్టిన నవంబరు 14న జరుపుతారు. ఆ ఒక్కరోజూ పదో తరగతివాళ్ళే కలెక్టరు, డీఈఓ, హెచ్చెమ్, పీఈటీ, అటెండరు. ఆరూ ఏడూ తరగతులవాళ్ళు ప్రజలు.

ప్రతిపదార్థము: అమ్మ చీర = పెట్టె అడుగున మడత నలగక యున్నదియు, నిన్నటి రాత్రి వరకు ‘ముట్టుకున్నావో’ అని హెచ్చరింపబడినదియు నగు చీరను; కట్టి = పిన్నీసులచే నలుదిక్కుల బంధించి; ఐతినే టీచరు = టీచరునైతిని గదా; బెత్తము ఎత్తినంత = బెత్తమును పైకెత్తగనే; క్లాసు = ఆరవ తరగతి; బెదరె = భయపడెను; అసలు సార్లు = జీతము గల ఉపాధ్యాయులు; పోయి = రిజిస్టరులో సంతకము చేసి, పిమ్మట వెడలి; అరుగుపై = స్టాఫ్ రూము ముందటి వరండాయందు; మిక్సరు = కారప్పూస, వేరుశనగపప్పు, కరివేపాకు కలిసినదానిని; నమిలి, నవ్విరంట = నమలుచు నవ్విరట; నాల్గుదాక = లాంగ్ బెల్లు పర్యంతము.

తాత్పర్యము: పిల్లలు పాఠం చెప్పారు. పెద్దలు చిరుతిండి తిన్నారు.

విశేషములు: ‘అమ్మ చీర’ అనడంలో పదవుల పంపకం ధ్వనిస్తుంది. మార్కులను బట్టి పదవులిస్తామని నోటీసు చదువుతారు గానీ, పొడుగూ పట్టుచీరా రెండూ ఉన్న పిల్లే హెచ్చెమ్ అవుతుంది. మగపిల్లల్లో తాతగారి కళ్ళద్దాలు దొరికినవాడికి లెక్కలు, గొంతున్నవాడికి తెలుగు. సోషల్‌కి పోటీ ఎక్కువ. అల్లరివాణ్ణి అవమానించడానికని అటెండర్ని చేస్తారు. ఇది విద్యాశాఖ చేసే పెద్ద పొరపాటు. వేపకొమ్మకు వేలాడే రైలు పట్టా ముక్క, దాన్ని కొట్టే ఇనుపకడ్డీ వాడి చేతికొస్తాయి. ఆ రోజు కాలం కలెక్టరు మాట వినదు, వాడి మాట వింటుంది. అన్నం బెల్లు ఎప్పుడూ ముందే మోగుతుంది.

‘ఐతినే’లోని ఏకారం ఉత్సాహార్థకం. ఆ ఉత్సాహం ఆయుర్దాయం పది నిమిషాలు. రాత్రంతా బట్టీపట్టిన కిరణజన్య సంయోగక్రియ అంతలోనే అయిపోతుంది. పీరియడు 45 నిమిషాలు. మిగిలినదాన్ని ఏం చేసుకోవాలో ఏ గైడులోనూ లేదు. అప్పుడు ఆ పిల్ల నోట, ఎవరూ నేర్పకుండానే, ‘లీడర్, మాట్లాడేవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయి’ అన్న మాట వచ్చేస్తుంది. ఉపాధ్యాయ వృత్తిలోకి ఆమె నిజంగా ప్రవేశించింది ఆ క్షణానే అని నా మతం. బీఈడీలో దీనికి రెండేళ్ళు పడుతుంది.

‘బెత్తము’ చింత్యం. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను ప్రకారం బడిలో పిల్లల్ని కొట్టడం నిషిద్ధం. కనుక కొందరు ‘స్కేలు’ అని దిద్దబోయారు. స్కేలు పెడితే యతి చెడుతుంది, బెత్తముంచితే చట్టం చెడుతుంది. కవయిత్రి ఛందస్సు పక్షాన నిలిచింది.

‘బెదరె క్లాసు’: పక్క బల్లమీద ‘నవ్వె క్లాసు’ అని పాఠాంతరం, వేరే దస్తూరీతో. యతిభంగమని పండితులు తోసిపుచ్చారు గానీ, ఆనాడు ఆరో తరగతిలో కూర్చున్నవారి సాక్ష్యమంతా దీనివైపే. మొదటి సందేహం అడగబోయినవాడు ‘అక్కా’ అని పిలిచి, నాలుక కరుచుకుని, ‘టీచర్’ అన్నాడట. ఆ తర్వాత బెదరడం ఎక్కడిది?

‘అసలు సార్లు... నవ్విరంట’: ఇక్కడ నేను కవయిత్రితో పూర్తిగా ఏకీభవించను. మొదటి పీరియడులో నవ్వు నిజమే. లెక్కల సారు సుద్దముక్క విసిరే తీరు, సైన్సు మేడమ్ ‘అర్థమైందా?’ అని తానే ‘అయింది’ అనుకుని ముందుకు సాగే తీరు, అన్నీ తరగతుల్లోంచి వరండాలోకి వినిపిస్తుంటాయి. పక్క సారుని అనుకరిస్తుంటే ప్రతివారూ నవ్వుతారు. తన వంతు రాగానే మిక్సరు పొట్లం వైపు దృష్టి మళ్ళుతుంది. డీఈఓ తనిఖీకొస్తే పాఠ్యప్రణాళిక పుస్తకం చూసి సంతకం పెట్టి వెళతారు. సారు తరగతిలో ఎలా ఉంటారో రాతలో కాకుండా చేతల్లో చూపించే తనిఖీ ఏడాదికి ఇదొక్కటే. సాయంత్రం సభలో ‘ఉత్తమ ఉపాధ్యాయుడి’కి స్టీలు గ్లాసు బహుమతి ఇస్తూ హెచ్చెమ్ గారు ‘మమ్మల్ని మించిపోయారు’ అంటారు. దీన్ని అతిశయోక్తి అని ఆలంకారికులు తేల్చారు. నేను స్వభావోక్తి అంటాను.

ఇక ‘అంట’. తరగతిలో ఉన్న కవయిత్రికి వరండా సంగతి ఎలా తెలిసిందని ఆక్షేపణ. సమాధానం: ఆ పొట్లం బజారునుంచి తెచ్చింది పైన చెప్పిన అటెండరే. పావుకిలో డబ్బులిచ్చి పంపితే సార్లకు చేరింది అంతకన్నా తక్కువని వేరే బల్లమీది శాసనం చెబుతోంది. కనుక మిక్సరు రుచి విషయంలో వాడిది ప్రత్యక్ష ప్రమాణం, నవ్వు విషయంలో మాత్రం ఆప్తవాక్యం.