ఆరుతోంది, ముట్టుకోకండి!

పాత చెక్క సామానుకు పాలిష్ పెట్టడమంటే నాకు మహా ఇష్టం. చెమటోడుస్తున్నట్టు కనిపిస్తూనే ఏ పనీ చేయకుండా గడిపేయడానికి ఇంతకు మించిన వ్యాపకం లేదు. పైగా మాది తాతల నాటి టేకు పడక్కుర్చీ, భోషాణం ఉన్న ఇల్లు. వంశగౌరవం కూడా కలిసొస్తుంది.

ఆదివారం పొద్దున మా ఆవిడ "ఏమండీ" అని రాగం తీయగానే సాండ్‌పేపర్ అందుకుంటాను. ముందు 120 నంబరు, తర్వాత 220. నంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపు, పని నిదానం. అందుకే నాకు పెద్ద నంబర్లంటే అభిమానం. చెక్క నార ఎటుంటే అటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి, పాలిష్ ఎక్కాక అవి మరీ కొట్టొచ్చినట్టు కనబడతాయి. ఈ మాట చెప్పి, సాయానికొచ్చిన పిల్లల్ని వెనక్కి పంపేస్తాను. నలుగురూ చెయ్యేస్తే పని అయిపోదూ!

ఆపైన చపడా లక్కను స్పిరిట్‌లో నానబెట్టాలి. అది రాత్రంతా నానుతుంది, నేను పడుకుంటాను. మర్నాడు దూది ఉండను పాత పంచె గుడ్డలో చుట్టి పల్చగా ఒక పూత పూస్తాను. పూతకీ పూతకీ మధ్య ఆరాలి. నా ప్రతిభంతా ఇక్కడే! కూరలు తెమ్మంటే "ఆరుతోంది". గ్యాస్ బండ మార్చమంటే "ఆరుతోంది, దుమ్ము పడుతుంది". పేపరు చదువుతూ కాపలా కాస్తాను.

ముసురు పట్టిందా, పండగే. స్పిరిట్ ఎగిరిపోతూ పూతను చల్లబరుస్తుంది. గాలిలోని తేమ దాని మీద చేరి పాలిష్ తెల్లగా పాలిపోతుంది. కాబట్టి వాన వెలిసేదాకా పని బంద్. ఇది శాస్త్రం, బద్ధకం కాదు.

భోషాణం మీద వేడి కాఫీ గ్లాసు పెట్టి తెల్లటి చక్రం పడేలా చేసిందెవరని ఇంటిల్లిపాదినీ నిలదీస్తుంటాను. పెట్టింది నేనే. మళ్ళీ పని పుట్టాలి కదా!

"మెరుపు బాగానే ఉంది గానీ, ఆ కుర్చీలో కూచునే యోగం ఎవరికీ లేదు" అంటుంది మా ఆవిడ, భోషాణం మీద దుమ్ము దులుపుతూ.

నిజానికి ఆ సామాను నిలిచింది ఆవిడ చేతిలోని పొడిగుడ్డ వల్లే. రోజూ దుమ్ము తుడిచి, ఎండా తడీ తగలనివ్వకుండా, వేడి గ్లాసు కింద ఏదైనా వేస్తే పాలిష్ ఏళ్ళ తరబడి చెక్కుచెదరదు. మీ ఇంట్లో అలాగే చేయండి. మా ఇంటికొచ్చినప్పుడు మాత్రం దయచేసి ఈ ఊసెత్తకండి.